నడుము నొప్పి ఉన్నవాళ్లు బేబీ క్యారియర్ ఎలా ఎంచుకోవాలి?

"నాకు నడుము నొప్పి ఉంది. ఏ క్యారియర్ కొనమంటారు?"

వారానికి ఒకరైనా నన్ను ఇలా అడుగుతుంటారు. ఎక్కువగా మూడు నాలుగు నెలల పిల్లల తల్లులు, అప్పుడప్పుడు తండ్రులు, మొన్న ఒక అమ్మమ్మగారు. అందరికీ కావాల్సింది ఒక కంపెనీ పేరు. నేను పేరు చెప్పను. మా ఇంట్లో ఒకే క్యారియర్ నాకు గంటసేపు హాయిగా ఉంటే, మా ఆయనకు ఇరవై నిమిషాల్లో మెడ పట్టేసింది. నొప్పి ఎక్కడ ఉంది, పాప బరువెంత, వేసుకునేవాళ్ల ఒళ్లు ఎలాంటిది, ఈ మూడూ తెలియకుండా పేరు చెబితే అది మీ డబ్బుతో నేను ఆడే లాటరీ అవుతుంది.

నాకు పెళ్లికి ముందు నుంచే నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బి ఉంది. బారసాలకు ఎవరో ఇచ్చిన కంగారూ బ్యాగ్‌లో పాపను వేసుకుని సందు చివరి దాకా నడిచి వచ్చాను. రెండు రోజులు మంచం దిగలేకపోయాను. రెండో క్యారియర్ కొన్నాను, అదీ నొప్పే. మూడోది కుదిరింది. తర్వాతెప్పుడో రెండోదాన్ని సరిగ్గా బిగించుకుని చూస్తే అదీ బాగానే ఉంది! నేను దాన్ని తప్పుగా వేసుకున్నానని అప్పుడు అర్థమైంది. అందుకే కింద ఎంపిక గురించి ఎంత రాశానో, బిగించడం గురించీ అంతే రాశాను. ఆ భాగం దాటేయకండి.

ముందు డాక్టర్ని అడగాల్సినవాళ్లు

నడుము నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కుతున్నా, పాదంలో పట్టు తప్పుతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు పోయినా క్యారియర్ మాట పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఇవి నరం మీద ఒత్తిడి పడుతోందని చెప్పే గుర్తులు, ఆలస్యం చేసే విషయం కాదు.

సిజేరియన్ అయి ఆరు వారాలు నిండనివాళ్లు, వెన్నుకు ఆపరేషన్ అయినవాళ్లు కూడా అడిగే మొదలుపెట్టండి. పాప నెల తక్కువలో పుట్టినా, పుట్టినప్పుడు రెండున్నర కిలోల కంటే తక్కువున్నా, తుంటి కీలుకు చికిత్స జరుగుతున్నా పిల్లల డాక్టర్ని అడగండి.

ఇక్కడే ఒక మాట. "వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, జీవితాంతం నడుము నొప్పి తప్పదు" అని మన ఇళ్లలో గట్టిగా నమ్ముతారు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు గానీ, ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ ఇంజెక్షన్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంలో సాగిన పొట్ట కండరాలు ఇంకా బలం పుంజుకోకపోవడం, వంగి పాలివ్వడం, నిద్రలేమి, ఇవే ఎక్కువగా కారణాలు. ఇవన్నీ బాగుపడేవే. కాబట్టి ఆశ వదులుకోకండి.

కావాల్సినవి

- కుట్టు టేపు
- బరువు తూచే మిషన్ (మీరు పాపతో ఎక్కి, పాప లేకుండా ఎక్కి తీసేస్తే పాప బరువు వచ్చేస్తుంది)
- బియ్యం, ఒక దిండు గలీబు, ఒక పాత దుప్పటి
- నిలువుటద్దం
- పక్క నుంచి ఫోటో తీయడానికి ఫోను, తీసే మనిషి
- మంచం లేదా దివాన్. నేల మీద కూర్చుని ఈ పని చేయకండి

1. నొప్పి ఎక్కడో వేలుపెట్టి చూపించండి

"నడుము" అని మనం అన్నింటికీ ఒకటే మాట వాడేస్తాం. పాపను రోజూలాగే ఎత్తుకుని పది నిమిషాలు తిరిగి, ఎక్కడ గుంజుతోందో వేలితో చూపించుకోండి. కింది నాలుగింటిలో ఏది మీదో గుర్తుపెట్టుకోండి, మూడో మెట్టులో పనికొస్తుంది.

అ) నడుము మధ్యలో, బెల్టు పెట్టుకునే చోట.
ఆ) ఒక పక్కనే, పిర్ర పైన గుంట పడే చోట. ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకునేవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తున్నాను.
ఇ) రెక్కల మధ్య, మెడ, భుజాలు.
ఈ) కుట్ల దగ్గర. ఇది నడుము నొప్పి కాదనిపిస్తుంది గానీ, కుట్లు నొప్పిగా ఉంటే తెలియకుండానే ముందుకు వంగి నడుస్తాం, ఆ భారం నడుము మీద పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే ఇది చదువుతున్న తల్లుల్లో సగం మంది సంగతి ఇది.

2. పాప బరువు ఇవాళ్టిది కాదు, ఆరు నెలల తర్వాతది చూడండి

మూడో నెలలో హాయిగా ఉన్న క్యారియర్ తొమ్మిదో నెలలో ఎందుకు నొప్పి పెడుతుందో ఈ లెక్క చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలో మధ్య గీత ప్రకారం ఆరు నెలలకు మగపిల్లవాడు 7.9 కిలోలు, ఆడపిల్ల 7.3 కిలోలు. ఏడాదికి 9.6, 8.9. మన పిల్లలు కొందరు ఆ గీతకు కొంచెం కింద ఉంటారు, ఫర్వాలేదు.

పెట్టె మీద "20 కిలోల వరకు" అని రాసి ఉంటే ఆ బరువుకు గుడ్డ, బకిల్ తట్టుకుంటాయని అర్థం. మీ నడుము తట్టుకుంటుందని కాదు.

పాపకు మెడ నిలబడిందా, కూర్చోగలుగుతోందా అన్నది కూడా రాసుకోండి. వీపున వేసుకునే రకాలు, తుంటి సీటు రకాలు కూర్చోగలిగిన పిల్లలకే.

3. మీ నొప్పికి తగ్గ రకం

ఒకే ఒక్క సూత్రం చెప్పి ఊరుకుంటాను. నీళ్ల బిందెను చంకన ఒంటికి ఆనించి పట్టుకుంటే వీధి చివరి నుంచి ఇంటిదాకా తేగలం. అదే బిందెను చేతులు ముందుకు చాచి పట్టుకోమంటే పది అడుగులు వేయలేం. బరువు ఒకటే, ఒంటికి ఎంత దూరంగా ఉందన్నదే తేడా. క్యారియర్ ఏదైనా పాపను మీ ఛాతీకి ఎంత దగ్గరగా, ఎంత పైన ఉంచుతుందో చూడండి.

*నడుము బెల్టు, బకిళ్లు ఉన్న మెత్తని క్యారియర్.* 'అ' రకం నొప్పికి నా మొదటి ఓటు దీనికే. వెడల్పాటి బెల్టు బరువులో ఎక్కువ భాగాన్ని తుంటి ఎముకల మీదకు దించుతుంది. 'ఇ' రకానికీ మంచిదే, కానీ భుజం పట్టీలను వీపు మీద అడ్డంగా, ఇంటూ గుర్తులా వేసుకునే వీలున్నది చూడండి. చేయి వెనక్కి తిప్పి క్లిప్ పెట్టుకోలేనివాళ్లకు ఇది పెద్ద ఊరట.

*మే తై.* బకిళ్లుండవు, పట్టీలను ముడివేసుకోవాలి. చైనా సంప్రదాయం నుంచి వచ్చింది. భుజం మీద గుడ్డను వెడల్పుగా పరుచుకోవచ్చు, ముడి ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోవచ్చు. కుట్లు నొప్పిగా ఉన్నవాళ్లకు, బకిల్ క్యారియర్ కొలతలకు అందనంత సన్నగానో లావుగానో ఉన్నవాళ్లకు నేను దీన్నే చూపిస్తాను. బయట ముడివేసేటప్పుడు పట్టీలు నేలకు తగులుతాయి, అదొక్కటే ఇబ్బంది.

*సాగే గుడ్డ ర్యాప్.* ఐదు మీటర్ల పొడవుండే టీషర్టు లాంటి గుడ్డ. మొదటి మూడు నెలలకు చాలా హాయి, కుట్ల మీద గట్టి బెల్టు ఉండదు. పాప ఏడెనిమిది కిలోలకు దగ్గరపడేసరికి గుడ్డ సాగి పాప కిందకు జారుతుంది, నడుము నొప్పి అక్కడ మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మూడు పొరల గుడ్డ చుట్టుకోవడం పాపకూ మీకూ శిక్షే.

*నేత ర్యాప్.* ఇదీ చుట్టుకునే పొడవాటి గుడ్డే, కానీ సాగని నేత గుడ్డ. బరువును వీపంతా పరిచే విషయంలో దీన్ని మించింది లేదు. నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది. అంత ఓపిక ఉంటే తీసుకోండి.

*రింగ్ స్లింగ్.* పొడవాటి గుడ్డను రెండు రింగుల్లోంచి దూర్చి ఒక భుజం మీదుగా వేసుకునేది. బరువంతా ఒక్క భుజం మీదే. 'ఆ' రకం నొప్పి ఉన్నవాళ్లు, వెన్ను వంకర ఉన్నవాళ్లు దీన్ని ప్రధాన క్యారియర్‌గా కొనవద్దు. మేడ దిగి పాల ప్యాకెట్ తెచ్చుకోవడం లాంటి పది నిమిషాల పనికైతే చాలు, రోజు విడిచి రోజు భుజం మార్చుకోండి. ఇంట్లో కుట్టించుకునేవాళ్లు రింగుల విషయంలో జాగ్రత్త: అతుకు లేని, క్యారియర్ల కోసమే చేసిన రింగులు కావాలి. చేతిపనుల సామాను కొట్టులో దొరికేవి బరువుకు విచ్చుకుంటాయి.

*తుంటి సీటు.* బెల్టుకు చిన్న అరుగు లాంటిది ఉంటుంది, పాప దాని మీద కూర్చుంటుంది. చూడగానే "ఇదే నాకు కావాల్సింది" అనిపిస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు దీని దగ్గరే ఎక్కువ మోసపోతున్నారు. ఆ అరుగు పాపను ఒంటి నుంచి ముందుకు నెడుతుంది, బిందె ఉదాహరణ గుర్తు చేసుకోండి. భుజం పట్టీలు కూడా ఉన్న రకమైతే కొంత నయం. పట్టీలు లేనిదాన్ని మాటిమాటికీ ఎక్కి దిగే ఏడాది పిల్లలకు, ఐదు నిమిషాలకు మాత్రమే వాడండి.

*సన్నటి అడుగున్న కంగారూ బ్యాగ్.* బహుమతిగా వచ్చేది ఎక్కువగా ఇదే. కాళ్లు కిందకు వేలాడతాయి, పాప తొడల సందు మీద బరువు మోపి ఊగుతుంది, మొత్తం భారం మీ భుజాల మీద. నడుము బెల్టు ఉండదు, ఉన్నా పేరుకే. వద్దు. ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని వేసుకుంటే నొచ్చేది మీ నడుమే.

*ఫ్రేమ్ ఉన్న వీపు క్యారియర్.* కాలినడకన తిరుమల వెళ్లాలనుకునేవాళ్లు దీని గురించి అడుగుతుంటారు. ఖాళీ ఫ్రేమే రెండున్నర, మూడు కిలోలుంటుంది. దానికి పదికిలోల పిల్లాణ్ని కలిపి, అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు... నడుము నొప్పి ఉన్నవాళ్లకు నేను సరే అనలేను. బిడ్డతో బస్సులో వెళ్లండి, మొక్కు ఉంటే ఇంట్లో నడుము బాగున్నవాళ్లు నడుస్తారు.

"పాత చీరతో కట్టుకోవచ్చా?" అని కూడా అడుగుతారు. పొలం పనికి వెళ్లే తల్లులు బిడ్డను వీపున జోలె కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. కానీ వాళ్లకు చిన్నప్పటి నుంచి చూసిన చేయి, కట్టు ఉన్నాయి. నలిగిన పాత నూలు చీర ఎక్కడ చిరుగుతుందో తెలియదు, పట్టు చీరైతే జారుతుంది. పక్కన నేర్పేవాళ్లు లేకుండా చేయకండి.

4. కొట్లో గానీ, ఆన్‌లైన్లో గానీ చూడాల్సినవి

మీ నడుము కొలత బొడ్డు దగ్గర ఒకసారి, తుంటి ఎముకల దగ్గర ఒకసారి తీసుకోండి. రెండు కొలతలూ బెల్టు పరిధిలో ఉండాలి. సన్నగా ఉన్నవాళ్లకు బెల్టు చివరిదాకా లాగినా వదులుగానే ఉండటం చాలా మామూలు. అలాంటిది ఎంత ఖరీదైనదైనా వద్దు.

బెల్టు వెనక భాగం అరచేతి వెడల్పు ఉండాలి. దిండులా మెత్తగా ఉంటే మోసపోకండి, నొక్కితే ఆకారం పోకుండా నిలవాలి.

భుజం పట్టీలను రెండు చోట్ల బిగించే వీలుందా చూడండి: చంక కింద ఒకటి, భుజం పైన ఒకటి. పైదానితో పాపను ఛాతీకి దగ్గరగా లాగుకోవచ్చు. చవకరకాల్లో ఇదే ఉండదు.

పాప కూర్చునే అడుగుభాగం వెడల్పును పాపతో పాటు పెంచుకోగలగాలి. గుడ్డ ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా పట్టి ఉంచాలి, మోకాళ్లు పిరుదుల కంటే పైన ఉండాలి. ఇది పాప తుంటి కోసమే అనుకుంటాం గానీ, అలా కూర్చున్న పాప మీ ఒంటిని కరుచుకుని ఉంటుంది, బరువు మీకు తేలికవుతుంది.

అమెరికా ప్రమాణం ఎఎస్‌టిఎమ్ ఎఫ్2236, ఐరోపా ప్రమాణం ఈఎన్ 13209-2. ఈ రెండింట్లో ఒకటి లేబుల్ మీద ఉంటే మంచిది. మన వాతావరణానికి నూలు, నార, జాలీ గుడ్డ. లోపల స్పాంజి ఎక్కువున్నది వద్దు.

వాపసు తీసుకుంటారో లేదో కొనకముందే చదవండి. ఐదో మెట్టు పూర్తయ్యేదాకా ట్యాగ్ తెంపకండి. వాడినది కొంటుంటే పట్టీలు అతికిన చోట కుట్లను వెలుతురులో చూడండి, ప్రతి బకిల్‌ను పదిసార్లు పెట్టి తీయండి. 'టక్'మని శబ్దం రాని బకిల్ ఉంటే వదిలేయండి.

5. బియ్యంతో పరీక్ష

పాపతో చేస్తే పాప ఏడుస్తుంది, మీరు కంగారుపడతారు, నొప్పి బకిల్ వల్లో కంగారు వల్లో తెలియదు. కాబట్టి:

క) పాప బరువుకు ఒక కిలో కలిపి అన్ని కిలోల బియ్యం గలీబులో పోసి మూతి కట్టండి. దుప్పటి చుట్టి పాప పొడవుకు తెండి.

చ) క్యారియర్ వేసుకుని దీన్ని అందులో పెట్టి, కింద ఆరో మెట్టులో చెప్పినట్టు బిగించండి.

ట) ఇరవై నిమిషాలు. ఊరికే నిలబడొద్దు. ఇంట్లో నడవండి, ఒక అంతస్తు మెట్లెక్కి దిగండి, కుర్చీలో కూర్చుని లేవండి.

త) నొప్పికి పదికి ఎన్ని మార్కులో మూడుసార్లు రాయండి: వేసుకోకముందు, తీసిన వెంటనే, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు. మూడో అంకె ముఖ్యం. నేను పెట్టుకున్న లెక్క ఏమిటంటే, మర్నాటికి రెండు మార్కులు పెరిగితే ముందు బిగింపు మార్చి ఇంకోసారి చూస్తాను. మళ్లీ పెరిగితే ఆ క్యారియర్ వెనక్కి పంపేస్తాను.

6. పాపతో వేసుకోవడం

1. సేఫ్టీ పిన్నులు, గుచ్చుకునే గొలుసులు తీసేయండి. నల్లపూసలు, సూత్రాల తాడు లోపలికి వేసుకోండి లేదా వెనక్కి తిప్పుకోండి. చీర కుచ్చిళ్ల మీద బెల్టు జారుతుంది, చుడీదార్ లాంటిది నయం. పొట్టకు కట్టుకునే బాలింత బెల్టు మీద ఈ బెల్టు కూడా వేయకండి. రెండు ఒత్తిళ్లు ఒకేసారి పొట్ట మీద పడతాయి.

2. నడుము బెల్టు ముందు. పాప మూడు నాలుగు నెలల లోపుంటే బొడ్డు కంటే కాస్త పైన, పెద్దయ్యేకొద్దీ తుంటి ఎముకల వైపు దించండి. కుట్లు నొప్పిగా ఉంటే బెల్టును గాటు కంటే బాగా పైన పెట్టండి. ముందూ వెనకా ఒకే ఎత్తులో నేలకు సమంగా ఉండాలి. జారనంత గట్టిగా బిగించండి, గట్టిగా ఊపిరి తీసుకోగలగాలి.

3. పాపను మంచం మీద నుంచి తీసుకోండి. నేల మీద నుంచి వంగి ఎత్తుకోవద్దు. మొదట్లో మంచం అంచున కూర్చునే వేసుకోండి.

4. పాపను మీ ఛాతీకి ఎత్తుగా ఆనించండి, కాళ్లు రెండు వైపులా. గుడ్డను వీపు మీదుగా పైకి తీసి, ఒక చేయి పాప మీదే ఉంచి, ఒక్కో పట్టీ వేసుకోండి. పట్టీలన్నీ బిగించేదాకా ఆ చేయి తీయకూడదు.

5. వెనక అడ్డపట్టీ క్లిప్‌ను పట్టీలు వదులుగా ఉన్నప్పుడే మెడ దగ్గర పెట్టేసుకోండి. తర్వాత పట్టీలు లాగితే అది రెక్కల మధ్యకు దానంతటదే దిగుతుంది. వేళ్లు అందక వీపు తిప్పుకుంటూ అవస్థపడటమే చాలామందికి నొప్పి తెస్తోంది.

6. ఒక చేత్తో పాప పిరుదుల కింద కొంచెం ఎత్తి బరువు తీసేసి, రెండో చేత్తో పట్టీ లాగండి. పాప బరువు వేలాడుతుండగా లాగితే పట్టీ అంగుళం కూడా రాదు, బిగించాననుకుంటారు, ఐదు నిమిషాలకు పాప జారుతుంది.

7. పాప మోకాళ్ల కింద చేతులు పెట్టి, తుంటిని మీ వైపుకు కొంచెం తిప్పండి. పిరుదులు కిందకు, మోకాళ్లు పైకి వస్తాయి.

7. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

తల వంచగానే పాప మాడు మీద ముద్దు పెట్టగలగాలి. అందకపోతే పాప కిందకుంది, నడుము మీద భారం పడుతోంది. విప్పి బెల్టును పైకి జరపండి.

పాప గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒకటి రెండు వేళ్లు పట్టాలి. పాప ముఖం ఎప్పుడూ మీకు కనబడాలి, ముక్కు మీద గుడ్డ ఉండకూడదు. స్లింగుల్లో నాలుగు నెలల లోపు పిల్లలకు ఊపిరాడని ప్రమాదం గురించి అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2010లో హెచ్చరిక జారీ చేసింది. మీ నడుము ఎంత హాయిగా ఉన్నా ఈ పరీక్ష తప్పితే క్యారియర్ తప్పినట్టే.

పాప తల వెనక చేయి పెట్టి మోకాళ్లు వంచి కాస్త ముందుకు ఒరగండి. పాప మీ ఛాతీ నుంచి విడిపోతే పట్టీలు వదులు.

ఇక పక్క నుంచి ఫోటో. చెవి, భుజం, తుంటి, చీలమండ దాదాపు ఒకే నిలువు గీతలో ఉండాలి. బరువు ఆపడానికి పొట్ట ముందుకు తోసి వెనక్కి వాలి నిలబడతాం, మనకు తెలియదు. నేను ఆ ఫోటో చూసేదాకా నిటారుగానే ఉన్నాననుకున్నాను.

నొప్పి వచ్చిన చోటును బట్టి సవరణ

నడుము కింద నొప్పి: పాప కిందకు ఉంది, లేదా బెల్టు ముందువైపు జారి ఏటవాలుగా ఉంది.

మెడ పక్కన: వెనక అడ్డపట్టీ మరీ పైన ఉంది, లేదా పట్టీలు మెడ మీదకు ఎక్కాయి. పట్టీ భుజం మధ్యలో కూర్చోవాలి.

భుజం అంచున కోసుకుపోతోంది: అడ్డపట్టీ మరీ కింద ఉంది, లేదా బెల్టు వదులుగా ఉండి బరువంతా భుజాలకు వచ్చింది. చాలామంది ఇక్కడ భుజం పట్టీ వదులు చేస్తారు. చేయకండి, ముందు బెల్టు బిగించండి.

ఒక పక్కే నొప్పి: ఒక పట్టీ పొడవు, ఒకటి పొట్టి. బకిల్ దాటి వేలాడే పట్టీల చివరలు రెండూ కొలిచి సమం చేయండి.

తొడ ముందు భాగం తిమ్మిరి: బెల్టు తుంటి ఎముక ముందు భాగాన్ని నొక్కుతోంది. రెండు వేళ్ల ఎత్తు పైకి జరపండి. తగ్గకపోతే వాడకం ఆపి డాక్టర్కి చూపించండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటి రోజే గంటన్నర. పది నిమిషాలతో మొదలుపెట్టి, మర్నాడు నొప్పి పెరగకపోతేనే ఐదేసి నిమిషాలు పెంచండి.

పాపను లోకం వైపు తిప్పి వేసుకోవడం. పాపకు మెడ బాగా నిలిచి, కంపెనీ చెప్పిన వయసు వచ్చాక కొద్దిసేపు చేయొచ్చు. కానీ పాప ఒళ్లు మీ నుంచి దూరంగా వాలుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇదే అన్నింటికంటే బరువైన పద్ధతి. చుట్టూ చూడాలని పాప గొడవ చేస్తుంటే, కూర్చోవడం వచ్చాక వీపున వేసుకోండి. తొమ్మిది పది కిలోలు దాటాక ముందు కంటే వీపున నడుముకు నిజంగా తేలిక. మొదటి కొన్నిసార్లు వెనక ఒక మనిషి ఉండాలి.

వేసుకుని వంగడం. కింద పడిన గిలక్కాయ తీయాలంటే ఒక చేయి పాప తల వెనక ఉంచి, మోకాళ్లు మడిచి కూర్చుని తీయండి. పొయ్యి దగ్గర అసలు వేసుకోవద్దు, తాలింపు చిటపటలు నేరుగా పాప మీద పడతాయి.

బండి మీద. క్యారియర్‌లో బిడ్డను వేసుకుని స్కూటర్ ఎక్కేవాళ్లను రోజూ చూస్తున్నాను, ప్రతిసారీ గుండె జారుతుంది. కేంద్ర రవాణా శాఖ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు బండి మీద ప్రత్యేకమైన సేఫ్టీ హార్నెస్, హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. బేబీ క్యారియర్ ఆ హార్నెస్ కాదు. కారులోనూ అంతే, అక్కడ కావాల్సింది పిల్లల సీటు.

ఎండాకాలంలో పాప వీపు తడిమి చూడకపోవడం. మీ ఒంటి వేడి, పాప ఒంటి వేడి కలుస్తాయి. క్యారియర్ గుడ్డను ఒక పొర బట్ట కింద లెక్కేసి, పాపకు పలచటి జుబ్బా ఒక్కటే వేయండి. మెడ వెనక చెమట పడితే తీసేయండి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేసుకుంటే

నడుము నొప్పి ఉన్నవాళ్లకు నిజమైన మందు, బరువు ఇంకొకరు పంచుకోవడం. నాన్న, అత్తగారు, ఎవరు ముందుకొచ్చినా క్యారియర్ ఇచ్చేయండి. చిక్కంతా తర్వాత మొదలవుతుంది: వాళ్ల కొలతలకు సాగిన పట్టీలతోనే మీరు హడావుడిగా వేసుకుంటారు, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

దీనికి మా ఇంట్లో దారం గుర్తులు పెట్టాం. మీకు సరిగ్గా కుదిరిన రోజున, బకిల్ దగ్గర పట్టీ ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్రదారంతో పైపైన రెండు కుట్లు వేయండి. పట్టీలోకి లోతుగా గుచ్చకండి, మార్కర్ పెన్నైనా సరే. మా ఆయనది నీలం. వేసుకునే ముందు ఎవరి రంగుకు వాళ్లు లాగేసుకుంటాం, అర నిమిషం పని. పాప ఎదుగుతుంటుంది కాబట్టి నెలకోసారి అద్దం ముందు ముద్దు పరీక్ష మళ్లీ చేసి, పాత దారం తీసేసి కొత్త చోట కుట్టుకోండి.